మొక్కని మొక్కు

మా అత్త ఈరక్కకు తొంభై మూడేళ్లు. ఈ మాట నేను చెబితే ఎవరూ పట్టించుకోలేదు గానీ, కడప నుంచి సబీనా అనే పిల్ల వచ్చి ట్యాబులో ఎక్కించుకుని పోయినప్పటి నుంచి ఊళ్లో ఆమె పెద్ద వింతైపోయింది. కోసిగి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి చూసిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఆమెకు పళ్లు లేవు, ఒక కన్ను సరిగా ఆనదు, నోరు మాత్రం పదహారేళ్ల పిల్లది. పొద్దున లేచి నన్ను తిట్టడానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

సబీనా కడపలో పోషకాహారం మీద పెద్ద చదువు చదువుతోంది. ఎక్కువకాలం బతికిన మనుషులు ఏం తిన్నారు, ఎట్లా బతికారు అన్నది ఆమె పరిశోధన. మా ఊళ్లో తొంభై దాటినవాళ్లు ఏడుగురున్నారని ఎవరో చెబితే వచ్చింది. నేను పుట్టింది రాజంపేట దగ్గర. మా నాయన నాపరాళ్ల లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, అట్లా కుదిరింది ఈ సంబంధం. ముప్పై ఏడేళ్ల కింద ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. అందుకే ఆ పిల్ల నోట కడప మాట వినబడగానే పుట్టింటి మనిషి వచ్చినట్టనిపించి, వద్దంటున్నా వినకుండా రొట్టె పెట్టాను. తిని, చెయ్యి కడుక్కుని, "శానా బాగుండాది పెద్దమ్మా" అంది. ఇక ఆ పిల్ల ఏం అడిగినా నేను కాదనలేదు.

కబుర్లు మాత్రం భలే చెప్పేది. జపానులో ఏదో దీవి ఉందట, అక్కడి ముసలివాళ్లు కడుపు పూర్తిగా నిండకముందే చెయ్యి కడుక్కుంటారట. ఇటలీ పక్కన ఇంకో దీవిలో గొర్రెల కాపరులు ముదిమిలో కూడా కొండలెక్కి దిగుతారట. గ్రీకుల దీవి ఒకదాంట్లో మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుందట, ఆయుష్షుకు అదీ మంచిదేనట. ఇది విని నాకు నవ్వాగలేదు.

"మధ్యాన్నం నేను కండ్లు మూస్తే ఈడ ఒకామె ఇల్లెక్కి కూస్తాది పాపా. మా అత్త ఆయుష్షు పెరిగింది నాకు నిద్ర లేకనే, అది గూడా రాసుకో" అన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, వేలు పొడిచి రక్తం చూసింది. మా ఆయన పరమేష్‌కు షుగరు ఎప్పటి నుంచో ఉంది, కొత్తేమీ కాదు. నాది చూసి మాత్రం ఆ పిల్ల రెండోసారి పొడిచింది, మిషను తప్పు చెబుతోందేమోనని.

"షుగరు లేదు, బీపీ లేదు. యాభై ఆరేండ్లకు ఇంత మంచిగా ఉండారే! ఏం తింటాండారు పెద్దమ్మా?"

"ఏం తినవు అని అడుగు" అన్నాను గర్వంగా. అవును, గర్వంగానే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు ఆమెకు మా ఇంటి మొక్కు సంగతి చెప్పాను. కాపురానికి వచ్చిన నాలుగో రోజు అత్త నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. చిన్నప్పుడు పరమేష్‌కు విషజ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చిందట. అప్పుడామె ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుందట, బిడ్డ బతికితే ఈ ఇంటి పొయ్యి ముట్టించే ఆడది పొద్దు మునిగాక మెతుకు ముట్టదని. మొక్కు తప్పితే ఇంట్లో పసిబిడ్డలకే తగులుతుందని కూడా చెప్పింది. మా వైపు ఇట్లాంటి మొక్కు ఎప్పుడూ వినలేదు. కానీ ఊరు కొత్త, దేవుడు కొత్త, ఎవరిని అడగాలి? ఆమె కూడా నాతో పాటే ఉపవాసం ఉంటానంటుంటే కాదనడానికి నేనెవరిని?

పొలం పని చేసేవాళ్ల ఇళ్లలో కడుపు నిండా తినేది రాత్రిపూటే. పొద్దు మునిగి ఇల్లు చేరాలి, అప్పుడు పొయ్యి ముట్టించాలి. నేను రొట్టెలు కాల్చి మామకు, మరిదికి, మా ఆయనకు వేడివేడిగా పెట్టి, ఆ వాసన పీలుస్తూ కూర్చునేదాన్ని. మగవాళ్లు లేచాక అత్త "ఎనుమును చూసొస్తా" అని గేదె కొట్టంలోకి పోయేది. పాపం, ఆమె కూడా ఆకలి మరచిపోవడానికే పోతోంది అనుకునేదాన్ని.

డెబ్భై దాటాక ఒకరోజు ఆమె తన మొక్కు చెల్లిపోయిందని చెప్పి బహిరంగంగానే రాత్రి రొట్టె మొదలుపెట్టింది. నాకు మాత్రం చెల్లలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని మనవాళ్లు ఊరికే అన్నారా?

సబీనా సంబరపడిపోయింది. డెబ్భై ఏళ్లదాకా అవ్వ, ముప్పై ఏడేళ్లుగా నేను, రాత్రి భోజనం మానేసి ఇంత ఆరోగ్యంగా ఉండడం తన చదువుకు చాలా ముఖ్యమంది. మా ఇద్దరి పేర్ల పక్కనా టిక్కు పెట్టింది. రేపొచ్చి అవ్వతో వివరంగా మాట్లాడతానని చెప్పి వెళ్లింది.

నేను ఆ పిల్లకు చెప్పనిది ఒకటుంది. అది నేను ఎవరికీ చెప్పను.

కాపురానికి వచ్చిన ఏడు వాన చుక్క పడలేదు. ఏడాది తిరిగేసరికి నాకు ఏడో నెల. కడుపులో బిడ్డ తంతుంటే రాత్రిళ్లు పేగులు మెలిపెట్టేవి. నీళ్లు తాగి పడుకునేదాన్ని, నీళ్లు కూడా వాంతయ్యేవి. ఒక సాయంత్రం కోసిగి సంత నుంచి తెచ్చిన బొరుగులు మూటలో కనబడ్డాయి. పిడికెడు తీసి కొంగులో కట్టుకుని, పొద్దు మునిగాక గడ్డివామి వెనక నిలబడి తినేశాను. నమలడం కూడా గుర్తు లేదు. వెనక్కి తిరిగితే అత్త నిలబడి ఉంది. ఆ రోజు ఒక్క మాట అనలేదు.

ఐదో రోజు నాకు నొప్పులొచ్చాయి. నెలలు నిండని ఆడపిల్ల. ఒక పూట ఉండి పోయింది. అప్పుడు అత్త నలుగురి ముందూ అంది, "మొక్కు తప్పితివి. పిడికెడు బొరుగులకు బిడ్డను అమ్ముకుంటివి."

ఆ మాట నేను నమ్మాను. ఆ తర్వాత శ్రీకాంత్ పుట్టాడు, మధులత పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా కళ్లు తిరిగి పడ్డాను గానీ మొక్కు తప్పలేదు. తప్పు కాయమని ఉరుకుందకు పోయి మూడుసార్లు తలనీలాలిచ్చాను. మా ఆయన మూడుసార్లూ నా పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఈ సీమలో పొద్దున లేస్తే ఇంటింటా ఉగ్గానే గదా, బొరుగులు నానబెట్టి తాలింపేసి బజ్జీతో పెడతారు. అందరికీ చేసి పెడతాను, నేను మాత్రం నోట్లో వేసుకోను. "కడపామెకు ఉగ్గాని పడదు" అని ఊళ్లో పేరు.

మర్నాడు పొద్దున సబీనా వచ్చి అరుగు మీద అత్త పక్కన కూర్చుంది. ఫోనులో రికార్డు పెట్టింది. నేను లోపల రొట్టెలు తడుతున్నాను. తలుపు తీసే ఉంది, ప్రతి మాటా వినబడుతోంది.

అత్తకు తన గురించి ఎవరైనా అడిగితే చాలు, నోట్లో నువ్వుగింజ నానదు. గంజి కరువులో చంకలో బిడ్డనేసుకుని గంజి కేంద్రం దగ్గర ఎంతసేపు నిలబడిందీ, ఆ గంజిలో ఉప్పు తక్కువైందని ఎవరితో కొట్లాడిందీ, అన్నీ చెప్పింది. డెబ్భై ఏళ్ల కిందటి ఉప్పు ఆమెకు గుర్తుంది.

"వయసులో ఉన్నెప్పుడు ఒక దినమంతా ఏమేం తింటాంటిరి అవ్వా? పొద్దున్నుంచి చెప్పండి" అని సబీనా అడిగింది.

"పొద్దున అంబలి. పొలానికి పొయ్యేటప్పుడు జొన్నరొట్టె, ఊరిబిండి మూటగట్టుకోని పోతాంటిమి. వచ్చినాక కొర్రన్నం, పుండికూర. రాత్రికి సద్దరొట్టె. దాంట్లేకి ఉల్లిగడ్డ, ఎర్రకారం. కొట్టంలో ఎనుము పక్కన కూసోని తింటాంటి. ఆ చల్లగాలికి ఏం రుచి అంటావు పాపా!"

"రాత్రికా?" సబీనా ఆగింది. "ఈరన్నసామి మొక్కు ఉండాది గదా అవ్వా. పొద్దు మునిగినాక మీ ఇంట్లో ఆడోళ్లు తినరని పెద్దమ్మ చెప్పె."

అత్త నవ్వింది. బోసినోరు తెరిచి, తొడ మీద చరుచుకుని మరీ నవ్వింది.

"మొక్కా? యాడి మొక్కు పాపా! అది దానికి చెప్పిన మాట. ఆ ఏడు వానల్లేవు, గుమ్మిలో జొన్నలు అడుక్కొచ్చె. కొత్త కోడలు చూస్తే మూడు రొట్టెలు అవలీలగా తింటాది. తినొద్దమ్మా అని ఎట్ల చెప్పేది? ఊరంతా నన్ను ఆడిపోసుకోరా? దేవుని పేరు చెప్తే ఎవరన్నా నోరు తెరుస్తారా? ఎట్లుండాది నా తెలివి?"

"మరి కరువు పోయినాక?"

"అలవాటు పడిన్యాక ఎందుకు చెప్పాల? పడి ఉండె గదా బాగనే."

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా నేను కదల్లేదు. నా చెవులు సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆమెకు చాదస్తం వచ్చిందేమో అనుకున్నాను. కానీ చాదస్తం వచ్చిన మనిషి ఉల్లిగడ్డ, ఎర్రకారం సహా అంత వరసగా చెప్పదు. ఎనుమును చూసొస్తానని ఆమె రోజూ కొట్టంలోకి ఎందుకు పోయిందో ముప్పై ఏడేళ్లకు తెలిసింది నాకు. నేను కాల్చిన రొట్టెలే. నా చేత్తో నేను కాల్చినవి.

చేతికి పిండి అట్లాగే ఉంది. బయటికి వచ్చాను. నన్ను చూసి సబీనా లేచి నిలబడింది. అత్త లేవలేదు, ఇంకా ముసిముసిగా నవ్వుతూనే ఉంది.

"అత్తా, మొక్కు లేదా?"

"ఏంటికిమ్మే ఇప్పుడు? కరువులో ఎన్ని చేస్తాం."

"అయితే నా బొరుగులు?"

"ఏ బొరుగులు?"

"గడ్డివామి ఎనక తింటి గదా. నువ్వు చూస్తివి గదా. నా తొలిచూలు బిడ్డ అత్తా. పిడికెడు బొరుగులకు బిడ్డను అమ్ముకుంటివి అని అందరి ముందరా అంటివి."

ఆమె నవ్వు ఆపింది. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నా మొహంలోకి చూసింది. గుర్తు చేసుకోవడానికి నిజంగానే తంటాలు పడింది.

"ఏ బిడ్డమ్మే?" అంది. "నీకిద్దరే గదా. శ్రీకాంతు, మధులత."

నటిస్తోందని అనుకోవడానికి కూడా లేదు. ముప్పై ఏడేళ్లుగా ఆ మొహం చూస్తున్నాను, అబద్ధమైతే నాకు తెలిసిపోదా అనబోయి ఆగిపోయాను. ఏం తెలిసిందని నా మొహానికి! కానీ ఈసారి అబద్ధం కాదు. గంజిలో ఉప్పు గుర్తున్న మనిషికి నా బిడ్డ గుర్తు లేదు. నన్ను కాల్చుకుతిన్న ఆ మాట అన్న రోజే మరచిపోయిందేమో. నేను మాత్రం రోజూ పొద్దు మునిగే వేళకు దాన్ని తలుచుకుంటూ బతికాను.

సబీనా రికార్డు ఆపేసింది. "పెద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది, పిండి చెయ్యని కూడా చూడలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాబు తీసి అత్త పేరు పక్కన టిక్కు చెరిపేసింది. నా పేరు పక్కన చెరపలేదు. ఎట్లా చెరుపుతుంది, నేను తినని మాట నిజమే గదా. సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

నేను పొయ్యి ఆర్పి గడపలో కూర్చున్నాను. ఒక్కటే అనుకున్నాను, పరమేష్ రానీ. ఆయన వస్తే చెబుతాను. అమ్మ మీద మండిపడతాడు, లేదంటే తలకొట్టుకుంటాడు, ఏదైనా సరే. బిడ్డ పోయింది నీ వల్ల కాదు ఓబులమ్మా అని ఆయన నోటితో ఒక్క మాట అంటే చాలు, నాకింకేమీ వద్దు. ఆ బిడ్డ ఆయనది కూడా.

మధ్యాహ్నం ఆయన పొలం నుంచి వచ్చాడు. చెంబుతో నీళ్లు తీసుకుని కాళ్లు కడుక్కుంటున్నాడు.

"మొక్కు లేదంట" అన్నాను.

చెంబు కింద పెట్టాడు. "ఎవురు చెప్పిరి?" అన్నాడు.

ఏ మొక్కు అని అడగలేదు. లేకపోవడమేంది అని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగాడు.

"నీకు తెలుసునా?"

ఆయన తువ్వాలుతో కాళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన కాలే తుడుస్తున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆ కరువప్పుడే. అమ్మ కొట్టంలో తింటాంటే చూస్తి. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాది."

"బిడ్డ పోయినాకైనా చెప్పొచ్చు గదయ్యా."

"చెప్తే నువ్వు నిలుస్తాంటివా ఈడ? పుట్టింటికి పోతాంటివి" అన్నాడు. "నువ్వు పోతావనే చెప్పలే."

అత్త మోసం చేసిందంటే సరే, ఆమె అత్త. కరువులో నలుగురి కడుపు చూసుకుంది, నాది చూసుకోలేదు. కానీ ఈయన? రాత్రి నేను కడుపు పట్టుకుని దొర్లుతుంటే పక్కనే పడుకుని ఉన్నది ఈయన. నా గుండు మీద చందనం రాసింది ఈయన. రాస్తూ "సామి క్షమిస్తాడులే" అన్నది ఈయన! ఏ తప్పు క్షమిస్తాడు? నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. అత్త ఒక్కసారి కోసింది, ఈయన పక్కలో పడుకుని రోజూ కోశాడు.

అయినా అడిగాను. సిగ్గు విడిచి అడిగాను.

"అయిందేదో అయిపాయె. ఒక్క మాట చెప్పు. ఆ బిడ్డ నా వల్ల పోలేదని చెప్పు."

ఆయన నిట్టూర్చి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నాకు నచ్చజెప్పడానికని పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడదంతా ఎందుకు ఎత్తుతావు? నీకు మంచే జరిగె గదా. నాకు షుగరు ఉండాది, తమ్మునికి బీపీ ఉండాది. నీకేమీ లేదు. ఆ పాపనే చెప్పె గదా, రాత్రి తినకనే నువ్వు ఇంత మంచిగా ఉండావని. అమ్మ మాదిరే నువ్వూ నూరేండ్లు బతుకుతావు."

నూరేళ్లు. నాకిప్పుడు యాభై ఆరు. అంటే ఇంకో నలభై నాలుగేళ్లు ఈ మనిషి చెబుతున్న మంచిని మోసుకుంటూ బతకాలి.

అప్పుడు నా గొంతులోంచి ఏదో వచ్చింది. నేను ఏడుస్తున్నానని నాకే కాసేపు తెలియలేదు. బిడ్డ పోయిన రోజు నేను ఏడవలేదు. చంపినదాన్ని నేనే అయితే ఏ మొహం పెట్టుకుని ఏడ్చేది? ఇప్పుడు నేల కొట్టుకుంటూ, జుట్టు విరబోసుకుని, ఇల్లదిరిపోయేట్టు ఏడ్చాను. పరమేష్ నోరు మూయబోతే ఆయన చెయ్యి విసిరికొట్టాను.

వీధిలో వాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు పక్కింటి మదార్ బీ వచ్చింది, చేతిలో కూర గరిటె అట్లాగే ఉంది.

"అయ్యో, ముసలమ్మ పాయెనా ఓబులమ్మా?" అంది నన్ను పట్టుకుని.

"నేనీడ్నే ఉండా, నాకేమైతాది!" అని అరుగు మీద నుంచి అత్త అరిచింది.

మదార్ బీ అటు చూసి, ఇటు చూసి, అర్థం కాక నా పక్కన కూలబడింది. "మరి ఎవురు పోయిరి? ఎవురికోసం ఏడుస్తాండావు తల్లీ?"

"నా బిడ్డ పోయె మదార్ బీ" అన్నాను. "తొలిచూలుది. కడుపుకు లేక పోయె."